కంట్లో చిప్పు, ఎవరిది పూచీ?

వయసు మళ్లినవారిలో కొందరికి రెటీనా నడిమి భాగం మెల్లగా చచ్చిపోతుంది. మాక్యులా క్షీణత అని డాక్టర్లు చెప్పే ఈ జబ్బులో పక్కచూపు నిలుస్తుంది గానీ ఎదుటి మనిషి ముఖం, చేతిలోని మందుచీటీ మీది అక్షరం మాయమవుతాయి. చచ్చిన కణాలను బతికించే వైద్యం లేదు. అందుకే 2025 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఒక అధ్యయనం పతాకశీర్షికలకెక్కింది. ఐదు ఐరోపా దేశాల్లో, 17 కేంద్రాల్లో, 38 మందికి రెటీనా కింద ‘ప్రిమా’ అనే చిప్పును అమర్చారు. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగినంత మెరుగైంది. సగటు చూస్తే, గోడమీది అక్షరాల పట్టికలో మునుపటికన్నా ఐదు వరుసలు కిందికి దిగి చదవగలిగారు. ఇది చిన్న సంగతి కాదు. అయితే దీని వెనక పెద్దగా చర్చకు రాని కథ ఇంకొకటి ఉంది. ఆ చిప్పును తయారుచేసి ఈ పరీక్షలు మొదలుపెట్టిన ప్యారిస్ కంపెనీ పిక్సియం విజన్, ఫలితాలు అచ్చయ్యేనాటికి లేదు. 2023 చివరికల్లా దాని డబ్బు నిండుకుంది. మ్యాక్స్ హోడాక్ స్థాపించిన అమెరికా కంపెనీ సైన్స్ కార్పొరేషన్ 2024లో దాని ఆస్తులు కొనుక్కుంది. కొనేవాడే దొరక్కపోతే, అప్పటికే చిప్పులు పెట్టించుకున్న ఆ వృద్ధుల గతి ఏమయ్యేది? దీనికి జవాబు ఊహించనక్కర్లేదు. అలాంటిది అంతకుముందే ఒకసారి జరిగింది.

ఎలక్ట్రానిక్ కన్ను గురించి వచ్చే రాతల్లో ఎక్కువగా కనిపించే ప్రశ్న, దానితో ఎంత కనిపిస్తుందన్నది. ఎంతకాలం కనిపిస్తుంది, ఎవరి పూచీ మీద కనిపిస్తుంది అన్నవి దాదాపుగా ఎవరూ అడగరు. నా వాదన ఇది: శరీరంలో పెట్టిన ఎలక్ట్రానిక్ పరికరం విషయంలో ఈ రెండో ప్రశ్న వ్యాపారానికి సంబంధించిన పక్కవిషయం కాదు, వైద్యానికి సంబంధించిన అసలు విషయమే. మందు ఎంత బాగా పనిచేస్తుందో తేల్చకుండా అమ్మనివ్వం. అలాగే పరికరాన్ని ఎవరు, ఎన్నాళ్లు నిలబెడతారో తేల్చకుండా కంట్లో పెట్టనివ్వకూడదు. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ పరికరాలు ఏం చేస్తాయో, ఏం చేయలేవో చూడాలి.

రెటీనాను కెమెరాలోని ఫిల్ము అనుకుంటాం గానీ అది మెదడుకు చెందిన ముక్కే. అందులో 12 కోట్లకు పైగా కాంతిని పట్టే కణాలున్నాయి. వాటి నుంచి మెదడుకు వెళ్లే కంటినరంలో పోగులు మాత్రం సుమారు 10 లక్షలే. అంటే కన్ను తాను పట్టిన దృశ్యాన్ని యథాతథంగా పంపదు. అంచులు, కదలికలు, వెలుగు నీడల తేడాలు ఏరి, కుదించి పంపుతుంది. రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఈ కాంతి కణాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. రేచీకటితో మొదలై, చూపు చుట్టూ మూసుకొస్తూ, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మిగులుతుంది, ఒక్కోసారి అదీ పోతుంది. దాదాపు 4,000 మందిలో ఒకరికి వచ్చే ఈ జబ్బు చాలావరకు వంశపారంపర్యం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వస్తేనే బయటపడే రకాలు ఇందులో ఉన్నాయి కనుక, మేనరికాలు ఎక్కువగా జరిగే మన ప్రాంతానికి ఇది పరాయి విషయం కాదు. ఈ జబ్బులోనూ, మాక్యులా క్షీణతలోనూ చచ్చేది ప్రధానంగా కాంతి కణాలుండే బయటి వరుస, లోపలి వరుసల కణాలు చాలావరకు బతికే ఉంటాయి. రెటీనా చిప్పుల ఆశంతా ఆ బతికున్న కణాల మీదే. కంటినరమే దెబ్బతిన్న నీటికాసుల రోగులకు ఈ చిప్పులు పనికిరావు. పుట్టుకతోనే చూపు లేనివారి మెదడు చూడటం నేర్చుకునే వయసు దాటిపోయి ఉంటుంది కాబట్టి, ఈ పరీక్షల్లోకి ఒకప్పుడు చూపుండి పోగొట్టుకున్నవారినే తీసుకుంటూ వచ్చారు. ‘అంధులందరికీ చూపు’ అనే శీర్షిక ఎక్కడ కనిపించినా ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

నరాలను కరెంటుతో తాకితే వెలుగు చుక్కలు కనిపిస్తాయన్నది పాత సంగతే. 1968లో బ్రిటన్‌లో జైల్స్ బ్రిండ్లీ, వాల్పోల్ లూయిన్ చూపు కోల్పోయిన ఒక మహిళ మెదడు వెనక భాగం మీద 80 ఎలక్ట్రోడ్లు అమర్చి ఈ చుక్కలను తెప్పించారు. రెటీనా మీద ఆ పని చేసి బజారుదాకా తెచ్చిన ఘనత కాలిఫోర్నియాలోని సెకండ్ సైట్ కంపెనీది, దాని వెనకున్న మార్క్ హుమాయూన్ వంటి వైద్య పరిశోధకులది. వారి ఆర్గస్-2కి 2011లో ఐరోపా అనుమతి, 2013లో అమెరికా అనుమతి వచ్చాయి. కళ్లద్దాల మీద కెమెరా, నడుముకు ఒక చిన్న కంప్యూటరు, కంట్లో రెటీనాకు చిన్న మేకుతో బిగించిన 60 ఎలక్ట్రోడ్ల పలక. దాంతో ఏం కనిపించింది? తలుపు ఎక్కడుందో, కిటికీ ఏ పక్కనుందో, రోడ్డు మీది తెల్ల చారలు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది. బాగా అలవాటుపడ్డ కొందరు పెద్ద పెద్ద అక్షరాలు గుర్తుపట్టారు. పరీక్షల్లో నమోదైన అత్యుత్తమ చూపును మన లెక్కలో చెబితే, మంచి చూపున్నవారు సుమారు 380 మీటర్ల దూరం నుంచి పోల్చుకోగలిగినదాన్ని వీరు ఆరు మీటర్ల నుంచి పోల్చుకోగలిగారు. ఎలక్ట్రోడ్లు పెంచితే చాలదా అనిపిస్తుంది. జర్మనీ కంపెనీ రెటీనా ఇంప్లాంట్ 1,500 బిందువుల చిప్పు చేసింది, అయినా చూపు ఆ మేరకు పెరగలేదు. ఎందుకంటే రెటీనా కణాల్లో కొన్ని వెలుగు వచ్చినప్పుడు మోగేవి, కొన్ని వెలుగు పోయినప్పుడు మోగేవి. ఒక ఎలక్ట్రోడు తన చుట్టూ ఉన్న వందల కణాలను విచక్షణ లేకుండా ఒక్కసారే తట్టిలేపుతుంది. హార్మోనియం మెట్లమీద మోచేయి ఆనించి రాగం పలకమన్నట్టుంటుంది. చెవి సంగతి వేరు. కాక్లియర్ ఇంప్లాంటులో ఎలక్ట్రోడ్లు ఇరవై చిల్లరే అయినా మాటలు అర్థమవుతాయి, ఎందుకంటే మాటకు కావలసిన సమాచారం తక్కువ. దృశ్యానికి అంత తక్కువతో సరిపోదు.

ప్రిమా ఇక్కడే ఒక మెట్టు పైకెక్కింది. స్టాన్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్త డానియెల్ పాలంకర్ రూపకల్పన చేసిన ఈ చిప్పు నిడివి, వెడల్పు రెండేసి మిల్లీమీటర్లు, మందం 30 మైక్రాన్లు, అంటే వెంట్రుక కన్నా పలచన. దీని మీద 378 బిందువులున్నాయి. ఒక్కొక్కటీ ఇంటిపైకప్పు మీది సోలార్ పలకలాగే వెలుగును కరెంటుగా మారుస్తుంది కనుక తీగలు లేవు, బ్యాటరీ లేదు. కళ్లద్దాల కెమెరా పట్టిన దృశ్యాన్ని జేబులోని కంప్యూటరు శుభ్రంచేసి, కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా చిప్పు మీద పడేస్తుంది. చిప్పు రెటీనా కింద, చచ్చిన కాంతి కణాల చోట కూర్చుంటుంది, అందువల్ల బతికున్న లోపలి వరుసలు తమ పని తాము కొంత చేసుకోగలుగుతాయి. రోగికి మిగిలిన పక్కచూపు దానిపాటికది ఉంటుంది. ఇంతా చేసి కనిపించేది నలుపు తెలుపుల్లో, కొద్దిమేర. చదవాలంటే కళ్లద్దాల్లోని జూమ్ తిప్పుకోవాలి, నెలల తరబడి సాధన చెయ్యాలి. నష్టాలూ ఉన్నాయి. 19 మందికి కలిపి 26 తీవ్ర సమస్యలు ఎదురయ్యాయి, కంటి ఒత్తిడి పెరగడం, రెటీనా కింద రక్తం చేరడం లాంటివి. ఎక్కువ భాగం రెండు నెలల్లో సర్దుకున్నాయి. మొత్తంమీద ఆర్గస్‌తో పోలిస్తే ఇది నిజమైన ముందడుగు. తలుపు జాడ తెలియడానికీ పుస్తకంలో మాట చదవడానికీ చాలా దూరముంది.

ఇక జరిగిన కథకు వద్దాం. ఆర్గస్-2 అమెరికాలో సుమారు లక్షన్నర డాలర్లు. శస్త్రచికిత్స, శిక్షణ ఖర్చులు అదనం. ప్రపంచమంతా కలిపి 350 మందికి పైగా అమర్చారు. 2019లో సెకండ్ సైట్ దాని తయారీ ఆపేసి, మెదడులో పెట్టే ఒరాయన్ అనే కొత్త పరికరం మీదికి దృష్టి మళ్లించింది. 2020 మార్చిలో డబ్బు లేక ఉద్యోగుల్లో చాలామందిని పంపేసింది. 2022లో శరీరంలోకి మందు వదిలే పరికరాలు చేసే మరో కంపెనీతో కలిసిపోయింది. ఇవేవీ నేరాలు కావు, వ్యాపారంలో రోజూ జరిగేవే. కానీ ఐట్రిపుల్‌ఈ స్పెక్ట్రమ్ పత్రిక 2022 ఫిబ్రవరిలో బయటపెట్టిన కథనంలో ఇదే పరిణామం రోగివైపు నుంచి కనిపించింది. కళ్లద్దాలు విరిగినా, నడుముకు కట్టుకునే యంత్రం చెడినా బాగుచేసేవారు లేరు. రోగులు ఒకరి దగ్గరి పాత విడిభాగాలు ఇంకొకరు వెతుక్కుంటున్నారు. ఎమ్మారై తీయించుకోవలసి వచ్చినవారికి, కంట్లోని లోహం దానికి తట్టుకుంటుందో లేదో తేల్చి చెప్పే సంస్థలో ఫోన్ ఎత్తే మనిషే లేడు. జర్మనీ రెటీనా ఇంప్లాంట్ సంస్థ కూడా 2019లోనే మూతపడింది. పిక్సియం మూడోది. రెటీనా చిప్పును అనుమతిదాకా, పెద్ద పరీక్షదాకా తెచ్చిన మూడు ప్రముఖ కంపెనీల్లో ఏ ఒక్కటీ తాను పెట్టిన చిప్పు వెంట చివరిదాకా నిలవలేదు. మూడింట మూడూ అలాగే జరిగితే దాన్ని దురదృష్టం అనడానికి వీల్లేదు. ఆ వ్యాపారం నడిచే తీరే అంత.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ తెలిసిందే. రోగులు కొద్దిమంది, ఖర్చు కొండంత, లాభం అనుమానం. ఇలాంటి చోట జీవితకాలం సేవ చేస్తేనే అనుమతి అంటే ఎవరు ముందుకొస్తారు? పుట్టబోయే పరికరాన్ని పుట్టకముందే చంపినట్టవదా? ఈ మాటలో బలముంది, కొట్టిపారేయలేం. కానీ ఆర్గస్ ఎలా అనుమతి పొందిందో చూడండి. అరుదైన జబ్బుల పరికరాలకు అమెరికా ఇచ్చే మానవతా మినహాయింపు కింద అది వచ్చింది. ఆ దారిలో పరికరం సమర్థంగా పనిచేస్తుందని పూర్తిగా నిరూపించనక్కర్లేదు. ప్రమాదం కన్నా మేలు ఎక్కువగా ఉండవచ్చని చూపిస్తే చాలు. పైగా దాని పరిశోధనలో ప్రభుత్వ గ్రాంటులున్నాయి, అమెరికా ఇంధన శాఖ కృత్రిమ రెటీనా పథకమూ ఉంది. ప్రజలు డబ్బిచ్చి, నిబంధన సడలించి, రిస్కులో సగం మోసినప్పుడు, బదులుగా ఒకటి అడగడం అన్యాయం కాదు. ఆ అడిగేది కూడా కంపెనీ ఎల్లకాలం బతికుండాలని కాదు. లక్షన్నర డాలర్ల ధరలో కొంత భాగాన్ని కంపెనీ చేతికి అందని ఒక నిధిలో వేయడం, పరికరం పూర్తి నమూనాలూ సాఫ్ట్‌వేరూ మూడో పక్షం దగ్గర భద్రపరచడం, కంపెనీ మూతపడ్డనాడు వాటిని మరమ్మతు చేయగలవారికి అప్పగించడం. గనులు తవ్వేవారి దగ్గర, తవ్వకం అయ్యాక ఆ నేల పూడ్చే ఖర్చుకు ముందే డబ్బు కట్టించుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. నేలకు దొరికే ఆ రక్షణ కంటికి ఎందుకు దొరకకూడదో నాకు అర్థం కాదు.

రోగులు అన్నీ తెలిసే సంతకం పెట్టారు కదా, బలవంతం ఏముంది అనేది మరో వాదన. సంతకం పెట్టిన మాట నిజమే. శస్త్రచికిత్సలో ఇన్ఫెక్షన్ రావచ్చు, చిప్పు జారవచ్చు అని డాక్టరు చెబితే రోగి తూచి చూసుకోగలడు. ఒక కంపెనీ దగ్గర ఇంకెన్ని నెలలకు సరిపడా డబ్బుందో, మదుపుదారులు ఎప్పుడు మొహం చాటేస్తారో అతను ఎలా తూచగలడు? అది బోర్డు గదిలో ఉన్నవారికీ పూర్తిగా తెలియదు. అంచనాకు అందని ప్రమాదాన్ని సంతకంతో రోగి నెత్తిన వేయడం సమ్మతి అనిపించుకోదు. పనిచేయని చిప్పు ఎవరికీ హాని చేయదు, మునుపటిలాగే చూపు లేకుండా ఉంటారు, అంతే కదా అనేవారూ ఉన్నారు. ఎమ్మారై సంగతి పైన చూశాం. తీసేయాలంటే మళ్లీ ఆపరేషను, దానికి మళ్లీ ఖర్చు, ప్రమాదం. అన్నిటికీ మించి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోయిన చూపుకు అలవాటుపడి, చేతికర్రతో, బ్రెయిలీతో, ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేరుతో బతుకు దిద్దుకున్న మనిషిని మరో దారికి అలవాటు చేసి, ఆ దారి మధ్యలో వదిలేయడం మునుపటి స్థితి కాదు. చూపులేనివారికి ఈ కర్ర, ఈ ఫోను ఇస్తున్న స్వేచ్ఛతో పోల్చినప్పుడు ఆర్గస్ ఇచ్చింది తక్కువే అని నా అభిప్రాయం. అయినా దాన్ని కోరుకున్నవారి కోరికను తక్కువ చేసి చూడటం మన పని కాదు.

ఇదంతా డబ్బున్న దేశాల ముచ్చట, మనకెందుకు అనవచ్చు. ఈ ఆక్షేపణతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. 2015–19 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వంలో 66 శాతం శుక్లాల వల్లే. వాటికి చికిత్స ఉంది, చవక కూడా. ప్రభుత్వం దగ్గర ఉన్న రూపాయి ముందు అక్కడికే వెళ్లాలి. శుక్లాల ఆపరేషను చరిత్రే నా వాదనకు మంచి సాక్ష్యం. కంట్లో పెట్టే కృత్రిమ కటకాన్ని లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదటిసారి అమర్చాడు. యుద్ధ విమానాల పైకప్పు ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని సహించిందన్న గమనిక నుంచి పుట్టిన ఆలోచన అది. 1992లో మదురైలో అరవింద్ ఆసుపత్రి వారు స్థాపించిన ఆరోల్యాబ్ ఆ కటకాన్ని ఇక్కడే తయారుచేసి, సామాన్యుడికి అందే ధరకు దించింది. అది కంట్లో పడ్డాక దానికి బ్యాటరీ అక్కర్లేదు, సాఫ్ట్‌వేరు అక్కర్లేదు, తయారుచేసిన కంపెనీ రేపు మూతపడ్డా రోగికి ఆ సంగతే తెలియదు. దాని గెలుపులో ఈ గుణానికీ వాటా ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెల్లో దృష్టి కేంద్రాలు పెట్టి చేసిందీ ఇలాంటి పనే. కళ్లద్దాలిచ్చి, ఆపరేషను చేసి పంపేయకుండా, మళ్లీ వచ్చి అడిగితే జవాబు చెప్పే మనిషిని ఊరి దగ్గర కూర్చోబెట్టింది. ఎలక్ట్రానిక్ కంటికి కొరవడింది ఇదే.

మనకు సంబంధం లేదనడానికి వీల్లేని మరో కారణం, శరీరంలో పెట్టే ఎలక్ట్రానిక్స్ మన దగ్గరికి ఎప్పుడో వచ్చేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద వినికిడి లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టారు. అది మంచి పథకం. కానీ చెవి లోపలి భాగం దశాబ్దాలు నిలిచినా, బయట తగిలించుకునే యంత్రం అరుగుతుంది, బ్యాటరీలు, తీగలు పోతుంటాయి, పాత మోడళ్లకు కంపెనీలు విడిభాగాలు ఆపేస్తాయి. ఆపరేషను ఉచితంగా జరిగిన ఇంట్లో కూడా ఆ తర్వాతి ఖర్చు తల్లిదండ్రుల మెడకు చుట్టుకుంటుంది. అక్కడ కనీసం నిలదొక్కుకున్న పెద్ద కంపెనీలు ఉన్నాయి. కంటి చిప్పుల్లో అదీ లేదు. గుండెకు పెట్టే పేస్‌మేకర్లది మరో దారి. వాటి తీగ చివరి బిరడాకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది కనుక ఒక కంపెనీ తీగకు ఇంకో కంపెనీ యంత్రం తగిలించవచ్చు. తయారీదారు పోయినా రోగి నట్టేట మిగలడు. ఈ ప్రమాణం దానంతటదే పుట్టలేదు, కూర్చుని మాట్లాడుకుని తెచ్చుకున్నారు.

ఆ రకంగా చూస్తే ప్రిమా చిప్పులో ఆశ పెట్టుకోదగ్గ గుణం దాని అక్షరాల లెక్క ఒక్కటే కాదు. లోపల తీగలు, బ్యాటరీ లేకపోవడం వల్ల తెలివంతా కళ్లద్దాల్లోనూ జేబులోని యంత్రంలోనూ ఉంది. ఏ తరంగదైర్ఘ్యంలో, ఎంత తీవ్రతతో, ఏ లయలో వెలుగు పంపాలో బహిరంగంగా తెలిస్తే, సూత్రప్రాయంగా మరో తయారీదారుడు కూడా ఆ చిప్పుకు కళ్లద్దాలు చేయగలడు. ఆర్గస్ రోగులకు ఈ అవకాశం లేకపోయింది. మెదడులో పెట్టేవాటి సంగతి మరీ క్లిష్టం. ఒరాయన్‌ను తొలి పరీక్షల్లో ఆరుగురికి పెట్టారు. న్యూరాలింక్ కంపెనీ మెదడు చిప్పు ‘బ్లైండ్‌సైట్’కు 2024లో అమెరికా నియంత్రణ సంస్థ ప్రత్యేక ప్రాధాన్యం ఇచ్చింది. కంటినరం పోయినవారికి అంతకన్నా దారి లేదు నిజమే, కానీ అక్కడ పనిచేయని పరికరాన్ని తీయడం అంటే కపాలం తెరవడం, పూచీ భారం ఇంకా పెరుగుతుంది. సైన్స్ కార్పొరేషన్ ప్రిమాకు ఐరోపా అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకుంది. మన దేశంలో వైద్య పరికరాలకు 2017 నాటి నిబంధనలున్నాయి, పరీక్షల్లో గాయపడినవారికి పరిహారం ఇవ్వాలని అవి చెబుతాయి. ఇలాంటి చిప్పు హైదరాబాదుకో చెన్నైకో పరీక్షల కోసం వచ్చిన రోజున, ఆ కళ్లద్దాలకు సంబంధించిన సాంకేతిక వివరాలు ఎవరి దగ్గర భద్రంగా ఉన్నాయి, పదేళ్ల తర్వాత ఎమ్మారై తీసే డాక్టరు ఎవరికి ఫోన్ చేయాలి, కంపెనీ చేతులు మారితే రోగుల జాబితా ఎవరికి చేరుతుంది అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడిగే అధికారం పరీక్షలకు అనుమతిచ్చే నైతిక సంఘాలకు ఉంది. మొదటి రోగి ఆపరేషను బల్ల ఎక్కేలోపే వాటిని అడగాలి.